రాసిందొకటి, చదివిందొకటి

ఒక్క పేజీ కాగితం. పదకొండేళ్ళుగా దాని బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే దమ్ము నాకు లేదు.

వత్సవాయికీ నందిగామకీ మధ్య, మున్నేటి ఒడ్డున ఒక ఊళ్ళో తెలుగు మాస్టారిగా పనిచేశాను. ఏటా పిల్లల చేత 'నది మన తల్లి' అని వ్యాసం రాయించేవాణ్ణి. భావం చాలలేదని మార్కులు కోసేవాణ్ణి. ఎవరి భావం? ఆ తల్లిని జేసీబీతో ఎత్తి ట్రాక్టర్లలో నింపుతుంటే తరగతి కిటికీలోంచి చూస్తూ భావం గురించి మాట్లాడిన పెద్దమనిషిని నేను. మా ఊరూ నాకు తగినదే. కార్తీకంలో ఏట్లో దీపాలు వదిలి దండం పెట్టడం, మర్నాడు అదే ఏటి ఇసుకకు ట్రాక్టరు మాట్లాడుకోవడం. ఏం భక్తి!

ఊరుకోనిది ఒక్కతే. ఆమెను గురవమ్మ అందాం. ఎండాకాలం ఏటి ఇసుకలో మోకాలి లోతు చెలమ తీసి, ఊరిన నీళ్ళు ముంతతో తోడి బిందె నింపుకునే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. యంత్రాలు తవ్విన గుంటల్లోకి నీరంతా దిగిపోయి చెలమలు ఎండిపోతున్నాయని ఫిర్యాదు పెట్టింది. తనిఖీకి మనుషులొచ్చారు. పంచనామా రాయాలి. మా దగ్గర అలాంటివి రాయాలంటే బడి మాస్టారిని పిలవడం అలవాటు. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయట.

రాశాను. 'ఇవి గ్రామ స్త్రీలు మంచినీటి కోసం తీసిన చెలమలు' అని రాశాను. రెండు నిలువుల లోతు గుంటల్ని చెలమలన్నాను. తనిఖీవాళ్ళు ఎండకు తాళలేక కారెక్కి కూర్చున్నారు. గురవమ్మకు చదవడం రాదు. ఆమెకు వినిపించేటప్పుడు మాత్రం 'ఇవి యంత్రాలతో తవ్విన గుంటలు' అని చదివాను. ఎక్కడా తడబడలేదు. ఆమె తృప్తిగా తల ఊపి వేలిముద్ర వేసింది.

ఎందుకు చేశాను? ఎవరైనా బెదిరించారా? అలా జరిగి ఉంటే చెప్పుకోవడానికి ఒక సాకన్నా మిగిలేది. ఆ వారం మా ఇంటి పైఅంతస్తుకు స్లాబు వేయాలి. ఇసుక తవ్వేవాళ్ళు నేను అడక్కుండానే వాకిట్లో రెండు ట్రాక్టర్ల ఇసుక దింపిపోయారు. అంతే. ఇంత చవకైన మనిషి పిల్లలకు నీతిపద్యాలు చెప్పాడు.

నెల తిరక్కుండానే పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. పంచనామా ప్రకారం ఏటిని గుంటలు చేసింది ఆడవాళ్ళేనట, ఇకమీదట ఏట్లో చెలమలు తీయకూడదట. గుంటలు తవ్విన యంత్రమే వచ్చి చెలమలు పూడ్చింది. వేలిముద్ర నీదే కదా అని ఆడవాళ్ళంతా గురవమ్మ మీద దుమ్మెత్తిపోశారు. ఆమె నేరుగా మా ఇంటికే వచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"చూశారా మాస్టారూ, ఆఫీసులో ఎవడో కాయితం మార్చేశాడండి. మీరు చదివింది నా చెవులారా విన్నా కదా."

"అవును గురవమ్మా. వాళ్ళంతే."

"ఎవురు నమ్మకపోయినా మీకు తెలుసు. అది చాలండి నాకు."

ఆ మాట విని కూడా లోపలికెళ్ళి అన్నం తిన్నాను. కూర కూడా బాగుందనుకున్నాను. అప్పుడు కాదు గానీ, తర్వాత తర్వాత ఆ మాటే నన్ను తినడం మొదలుపెట్టింది. కాగితం మార్చిన దొంగ ఎక్కడో ఆఫీసులో ఉన్నాడని ఆమె ఇప్పటికీ నమ్ముతోంది. నీళ్ళ క్యాను మోసుకుంటూ ఎదురుపడితే, క్యాను దింపి మరీ నాకు నమస్కారం పెడుతుంది. నేను ప్రతినమస్కారం చేస్తాను.

అప్పుడు రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. అవి చెలమలు కావు. యంత్రాలతో తవ్విన గుంటలు. గురవమ్మ చెప్పింది నిజం, నేను రాసింది అబద్ధం.

రాశాక గుండె కాస్త తేలికైంది. సిగ్గులేని గుండె. కింద సంతకం మాత్రం పెట్టను. నేనెలాంటివాణ్ణో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.