గుమ్మడికాయ ముందా, నిమ్మకాయ ముందా

పిల్లలూ, ఒక గుమ్మడికాయ, ఒక నిమ్మకాయ కలిసి మీ అమ్మమ్మ పరువును రెండంతస్తుల మీది నుంచి ఎలా కింద పడేశాయో ఇవాళ చెబుతాను. ఫోన్లో చెబితే నవ్వుతూ మధ్యలోనే పెట్టేస్తారు, అందుకే రాస్తున్నాను.

అప్పటికి ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేవు. మేం నాచారంలో రెండో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం. సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్పేదాన్ని. చదివింది ఇంటరే అయినా గల్లీ అంతా నన్ను టీచరమ్మ అనేది. ఆ పిలుపు వినీ వినీ, న్యూటన్‌కు అక్షరాభ్యాసం చేయించింది నేనేనన్నంత ధీమా వచ్చేసింది.

లావణ్య అనే పిల్ల వచ్చేది. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. ఆ ఆదివారమే పిల్లకు గురుకులం ఎంట్రన్సు. సీటొస్తే చదువు, రాకపోతే చిన్నమ్మతో కుట్టుపని. ఇంట్లో అప్పటికే అనేసుకున్నారు.

శుక్రవారం నాడు ఒక ప్రశ్న ఇచ్చాను. బరువైనదీ తేలికైనదీ ఒకే ఎత్తు నుంచి వదిలితే ఏది ముందు పడుతుంది? "రెండూ ఒకేసారి" అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

"బరువుది ముందు పడ్తది బిడ్డా. బస్తా పడ్డట్టు దూది పడ్తదా?"

"దూదికి గాలి అడ్డమొస్తది టీచరమ్మా. గుండ్రంగ, గట్టిగ ఉన్నవైతే ఒక్కసారే పడ్తయ్. పుస్తకంల ఉంది."

"అచ్చేసినోళ్లు తప్పేసి ఉంటరు."

చూశారా నా ధైర్యం. పాపం ఆ పిల్ల తల దించుకుని నా జవాబే రాయబోయింది. కళ్లలో నీళ్లు. సరే, కళ్లతో చూస్తే నమ్ముతుందిలే అని మేడ మీదికి తీసుకుపోయాను. మర్నాడు అమావాస్య. గుమ్మానికి కట్టడానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంచిన బూడిద గుమ్మడికాయ ఒక చేతిలో, వంటింటి నిమ్మకాయ ఇంకో చేతిలో. గల్లీలో ఎవరూ లేరని చూసుకుని రెండూ ఒకేసారి వదిలాను.

ధబ్. చప్పుడు ఒక్కటే.

"అరె, గుమ్మడికాయ జర ఆగి పడ్డట్టుంది" అన్నాను.

"ఆగలే టీచరమ్మా" అంది లావణ్య మెల్లగా. "దాన్ని భూమి ఎక్కువ జోరుతోటే గుంజుతది. కని గంత బరువును కదిలియ్యాలంటే గంత జోరు కావాలె గద. అందుకే రెండు సమానం."

నాకు అర్థమైంది. ఒప్పుకోబుద్ధి కాలేదు, అంతే. ఇంతలో కింద నుంచి అరుపు. ఇరుకు గల్లీ కదా, ఎదురింటి అనసూయమ్మ గేటు ముందు, ఆమె వేసిన ముగ్గు మీద, పగిలిన గుమ్మడికాయ ముక్కలు, కుంకుమ, నిమ్మకాయ. పది మంది చేరిపోయారు.

"ఎవ్వరు తొక్కకుండ్రి. రేపటి అమావాస్య జూసుకోని మా ఇంటికి ఎవరో బాణామతి చేసిన్రు."

గబగబా మెట్లు దిగాను. "నేనే ఏసిన అనసూయమ్మా."

"నువ్వా? మా మీద నీకేం పగనమ్మా?"

"పగ గాదు. ఏది ముందు పడ్తదో చూద్దామని."

"మరి ఏది ముందు పడ్డది?"

ఇరుక్కుపోయాను. గల్లీ అంతా నన్నే చూస్తోంది. గుమ్మడికాయే అని ఒక్క మాటంటే టీచరమ్మ టీచరమ్మగానే ఉంటుంది. కానీ మెట్ల దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది. నేను ఏది చెబితే ఆదివారం అదే రాస్తుంది. ఆ అర నిమిషంలో పడ్డ చెమటతో ఒక బిందె నిండేది.

"రెండు ఒక్కసారే పడ్డయ్" అన్నాను. "లావణ్య చెప్పిందే ఖరే. నేనే తప్పు చెప్పిన."

పిల్ల ముఖం వెలిగింది. అనసూయమ్మ మాత్రం నన్ను కిందికీ మీదికీ చూసి అంది: "బాణామతి చేసిన అంటే నమ్ముదునమ్మా. గంత గుమ్మడికాయ, గింత నిమ్మకాయ ఒక్కసారి పడ్డయంటే ఎట్ల నమ్మాలె?"

నా చేతనే గేటు ముందంతా పసుపునీళ్లతో కడిగించింది. లావణ్యకు సీటొచ్చింది. ఆ ప్రశ్న మాత్రం పరీక్షలో రానేలేదట.

ఆ పసుపునీళ్ల సాక్షిగా ప్రమాణం చేశాను పిల్లలూ. నా కళ్లతో చూడనిదే ఏ పిల్ల జవాబూ ఇక కొట్టేయను. చూడాల్సి వస్తే మాత్రం, బంగాళాదుంపలతో చూస్తాను.