వీపనగండ్ల పాతర

తేమ పట్టిన జొన్నల డబ్బా మూత మొన్న మా కోడలు తీసింది. ఆ పులిసిన మట్టి వాసన తగలగానే మంచినీళ్లు అడగడానికి వెళ్లినవాణ్ణి అడగకుండానే వెనక్కి వచ్చి కూర్చున్నాను. హుసేనప్ప గుర్తొచ్చాడు.

యుద్ధం రోజుల్లో వనపర్తి దవాఖానలో రోగులకు పెట్టే జొన్నలు కొనే పని ఆయనది. నేను ఆయన కింద గుమాస్తాను. అంతకుముందు గద్వాలలో ఒక సేటుకు సరుకు కొనేవాడట. "సేటుకు కొంటే నష్టం సేటుదే. సర్కారుకు కొన్నది తినేటోడు మనల్ని అడగనీకి రాలేడు. మనమే అడగాలె," అనేవాడు. ఆ చాదస్తం నాకు విసుగు. అబద్ధమెందుకు, ఆయన వెనక నవ్వేవాణ్ణి కూడా.

ఒక మధ్యాహ్నం వీపనగండ్లలో ఒక పటేలు పాతర చూడబోయాం. భూమిలో గొయ్యి తవ్వి, ధాన్యం పోసి, పైన బండ మూసేదే పాతర. దవాఖానలో జొన్నలు రెండు రోజులకే ఉన్నాయి. పైనుంచి తీసిన దోసెడు గింజలు గట్టిగా, తెల్లగా ఉన్నాయి. 'సరుకు మంచిది' అని రాసి నేను సంతకం కూడా పెట్టేశాను. హుసేనప్ప ఆ కాగితం వైపు చూడనైనా లేదు. పులిసిన మట్టి వాసన కొడుతున్న ఆ గోతిలోకి దీపాన్ని తాడుకు కట్టి దించాడు. ఆరిపోయింది. మళ్లీ దించాడు, మళ్లీ ఆరిపోయింది. లోపల గాలి విషమైందన్నమాట. పాతరలో దిగేముందు లోపల ఎవరైనా ఉన్నారేమోనని మూడుసార్లు పిలవడం అలవాటు. ఆయన మోకాళ్ల మీద వంగాడు.

"ఎవలన్న ఉన్నరా?"

మూడో పిలుపుకు లోపలినుంచి నెమ్మదిగా ఒక గొంతు వచ్చింది. "జర పైకి గుంజుండ్రి."

తొంగి చూస్తే లోపల జొన్నలు తప్ప ఎవరూ లేరు; అంత ఎండలోనూ నాకు ఒళ్లు జలదరించింది. పటేలు ఉన్నచోటనే కూలబడ్డాడు.

"పోయిన నెల మా జీతగాడు ఎల్లన్న దిగిండు సాబ్. తొందరల దీపం పెట్టకనే దింపినం. పీనుగనే తీసినం. సగం జొన్నలు బేరగాళ్లు కొనుక్కపోయిండ్రు, ఏమైందని ఒక్కడన్న అడగలే."

"ఎల్లన్న పెండ్లానికి ఏం చెప్పినవ్?" అని హుసేనప్ప అడిగాడు.

"పాము కరిచిందని."

హుసేనప్ప నా వైపు తిరిగాడు. "రంగన్నా, గా కాగితం చింపెయ్యి. సరుకు ఎందుకొద్దంటున్నమో రాయి. ఎల్లన్న పేరు పెట్టే రాయి."

పాతది చింపి, కొత్త కాగితం మీద రాశాను. ఆ పొద్దు కుంకేలోగా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, గడపగడపా అడిగి, కొద్దికొద్దిగా జొన్నలు కూడబెట్టాం. కానీ అంతకన్నా ముందు ఆయన నన్ను ఎల్లన్న గుడిసెకు తీసుకుపోయి, రాసింది చదవమన్నాడు.

తర్వాత చాలా ఏళ్లు మిల్లులకు సరుకు కొన్నాను. నా అంత ఆలస్యం చేసేవాడు లేడని యజమానులు తిట్టేవారు. తిట్టనీ. ఏ కాగితం ముందు కలం తీసినా, ఆ రోజు నేను చదవడం అయ్యాక ఎల్లన్న భార్య అన్న మాటే ముందు వినపడుతుంది.

"నెల దినాలాయె. గిది అడగనీకి ఒక్కరు రాలేదా, అయ్యా?"