డాల్ఫిన్ మీద బిందెడు నీళ్ళు

రామచంద్రపురం బస్టాండులో ఆర్టీసీ బస్సు ఆగి, బ్రేకు గాలి ఒక్కసారిగా 'ఫుస్సు'మన్నప్పుడల్లా నా ఒళ్ళు జలదరిస్తుంది. సముద్రం ఒడ్డున పడి ఉన్న ఒక డాల్ఫిన్, నెత్తిమీది కన్నంలోంచి ఊపిరి వదిలినప్పుడు అచ్చం అలాగే వినిపించింది. ఆ వెంటనే కామేశ్వరి మేడం గుర్తొస్తారు. ఆవిడ మా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. పర్మినెంటు ఉద్యోగం కాదు, ఏటా రెన్యువల్ చేసే కాంట్రాక్టు. ఇవాళ నేను అదే సబ్జెక్టు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆవిడ చలవే. ఆవిడ ఆ కాలేజీలో లేకుండా పోయారంటే అది నా చలవ.

ఒకరోజు మేడం క్లాసులోకి వస్తూనే, "అందరూ ముక్కు మూసుకోండి. నేను చెప్పేదాకా వదలొద్దు" అన్నారు. అర నిమిషానికే మా మొహాలు కందిపోయాయి. "ఇక వదలండి. మీరు నిద్రపోతున్నా ఊపిరి దానంతటదే ఆడుతుంది. డాల్ఫిన్‌కి అలా కాదు. ప్రతి ఊపిరీ గుర్తుపెట్టుకుని పైకొచ్చి తీసుకోవాలి" అన్నారు. తిమింగలం, డాల్ఫిన్, చూడ్డానికి డాల్ఫిన్‌లాగే ఉండే పోర్పాయిస్ ఒకే వర్గానివనీ, చేపలకి ఏమీ కావనీ, వాటి దగ్గరి చుట్టం నీటిగుర్రమనీ చెప్పారు. డబ్బాలోంచి రెండు పళ్ళు తీసి మా చేతికిచ్చారు. మొనదేలింది డాల్ఫిన్‌ది, పారలా వెడల్పుగా ఉన్నది పోర్పాయిస్‌ది. వెనక బెంచీ కుర్రాడొకడు, "నీళ్ళల్లో ఉండేది చేప కాకపోతే ఏంటండీ?" అన్నాడు. "గాల్లో ఎగురుతుంది కదాని గబ్బిలాన్ని పిట్టంటావా నాయనా?" అన్నారు మేడం. క్లాసంతా నవ్వాం.

ఫైనలియర్‌లో మమ్మల్ని బీచి శుభ్రం చేసే క్యాంపుకి తీసుకెళ్ళారు. రెండో రోజు పొద్దున్నే ఇసుకలో ఆ డాల్ఫిన్ కనిపించింది. బతికే ఉంది. ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేద్దామంటే అక్కడ సిగ్నల్ లేదు. మేడం రోడ్డు మీదికి పరిగెడుతూ నాకు అప్పగించారు: "వసుధా, తడిగుడ్డ కప్పి ఒంటి మీద నీళ్ళు చల్లుతూ ఉండు. నెత్తిమీది కన్నంలో చుక్క కూడా పడకూడదు. అది దాని ముక్కు."

బిందెతో సముద్రం నీళ్ళు తెచ్చుకుని అలాగే చల్లుతున్నాను. ఇంతలో ఊళ్ళోంచి ఒక పత్రిక ఫోటోగ్రాఫరు వచ్చాడు. "అలా చల్లితే నీళ్ళు కనపడటం లేదమ్మా. తలమీంచి ఒక్కసారి పొయ్యండి, ఫోటో బాగా వస్తుంది" అన్నాడు. నేను జడ ముందుకేసుకుని, చంటిపిల్లకి తలంటు పోసినట్టు బిందెడు నీళ్ళూ కుమ్మరించాను. సరిగ్గా అప్పుడే ఊపిరికి ఆ కన్నం తెరుచుకుంది. డాల్ఫిన్ ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపింది, తోక రెండుసార్లు ఇసుకని కొట్టింది. అంతే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా మతి ఎక్కడికీ పోలేదు, ఫోటో కోసం దాన్ని పక్కన పెట్టాను.

మేడం వచ్చి, ఆ కన్నం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నారు. "ఎవరు పోశారు?"

"నేనేనండి."

ఆవిడ జారిపోయిన తడిగుడ్డ తీసి మళ్ళీ దాని మీద కప్పారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పేపర్లో నా ఫోటో పడింది, డాల్ఫిన్‌ని కాపాడటానికి శ్రమించిన విద్యార్థిని అని. కాలేజీలో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. సిగ్గు లేకుండా కప్పించుకున్నాను. చివర్లో మేడం మైకు తీసుకున్నారు. "దాన్ని మనం కాపాడలేదండి. మన నీళ్ళతోనే ఊపిరాడక చచ్చిపోయింది. దగ్గరుండి చూసుకోవలసినదాన్ని నేను. తప్పు నాది" అన్నారు. నా పేరు ఎత్తలేదు. చప్పట్లు కొట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి.

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గారు నన్ను గదికి పిలిపించారు. "నువ్వెళ్ళేసరికే అది చచ్చిపోయుందని రాసివ్వమ్మా. కాలేజీ పరువు కదా. నీ టీసీ మీద మచ్చ పడితే పీజీ సీటు ఎవరిస్తారు?" అన్నారు. రాసి సంతకం పెట్టాను. దాంతో మేడం నిండు సభలో అబద్ధమాడినట్టయింది. ఆ ఏడు ఆవిడ కాంట్రాక్టు రెన్యువల్ కాలేదు.

వెళ్ళిపోయే రోజున మేడం మా టెస్టు పేపర్లు దిద్ది తెచ్చి పంచారు. తిమింగలాల శ్వాసక్రియ మీద నేను రాసిన జవాబుకి ఇరవైకి ఇరవై వేశారు. నేను తలెత్తలేకపోయాను.

"జవాబు సరిగ్గానే ఉందమ్మా. తగ్గించడానికి నాకెక్కడా వీలు దొరకలేదు" అని, తర్వాతి పేపరు వాళ్ళని పిలిచారు. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే. తర్వాత ఆవిడ ఎక్కడున్నారో నేను వెతకలేదు. వెతికితే దొరుకుతారని భయం.

ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు నా పిల్లలకి ఆ డాల్ఫిన్ సంగతి చెబుతాను. ఎవరో ఒకమ్మాయి తెలిసి తెలిసి నీళ్ళు పోసిందంటాను. మొన్న ముందు బెంచీ పిల్ల లేచి, "ఆ అమ్మాయి ఏమైంది మేడం?" అని అడిగింది.

"తెలీదమ్మా" అన్నాను.