సదానందం చేతుల్లో కార్టూను

లింబాయత్ మరమగ్గాల కార్ఖానాలో మా సదానందం చచ్చిపోయిన పిల్లవాణ్ణి ఒట్టి చేతులతో బతికించాడు. నమ్మకపోతే కార్ఖానా అంతా సాక్ష్యం. సాయంత్రం టీవీలో జపాను కార్టూను చూసి అతను రాత్రి షిఫ్టుకు వచ్చేవాడు. పగలంతా అవే మగ్గాలు నడిపిన లక్ష్మీరాజం ఇంటికి పోకుండా కథ కోసం కాచుకుని ఉండేవాడు. మోతలో మాట వినపడదు కాబట్టి కథంతా చేతులతోనే. వేలు వెనక్కి తిప్పితే కథలోని అక్క నిన్నటికి వెళ్లినట్టు, ముందుకు తిప్పితే రేపటికి. వెళ్లిన ప్రతిసారీ కథ మరింత చిక్కుపడేది. చిక్కుపడేకొద్దీ లక్ష్మీరాజం ముఖం వెలిగిపోయేది. ఏట్లో మునిగి చనిపోయిన తమ్ముణ్ణి ఆ అక్క కాపాడుతుందా లేదా అన్న బెంగతో, ఆఖరి భాగం వచ్చే రోజు అతను టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. సదానందం రాగానే చెవిలో అరిచాడు: "సదన్నా, పోరడు బతికిండా లేదా? జల్ది జెప్పు!"

సదానందం వేలు గిరగిరా వెనక్కి తిప్పాడు. వంగి నీళ్లలోంచి జుట్టు పట్టి లాగాడు. లేని పిల్లవాణ్ణి భుజానికెత్తుకుని మగ్గాల నడుమ చిందేశాడు. లక్ష్మీరాజం కూడా చిందేశాడు. పక్క మగ్గం మీద దారం తెగినా ఎవరూ చూడలేదు. ఈ ఘనకార్యాన్ని నేను నలుగురిలో పొగుడుతుంటే, సదానందం బీడీ ఆర్పి అన్నాడు:

"బతికించుడేంది తమ్మీ? ఆ పొద్దు మా గల్లిల కరెంటే లేకుండె. కార్టూను నేనసలు సూడనే లేదు."