అబ్రహాముగారి బస్కీలు

ఆటోనగర్‌లో లారీ జాకీ జారి ఎడమకాలు విరిగి కాస్త పొట్టిదైనా, అబ్రహాముగారు రోజూ పొద్దున్నే గచ్చు మీద సుద్దగీత గీసి, రెండు పాదాలూ దాని మీదే ఉంచి బస్కీలు తీస్తారు. కుస్తీ నేర్పే తాలింఖానా పద్ధతి అది. సగంలోనే మోకాలు మొరాయిస్తుంది. ప్రార్థనలో అందరూ చాపల మీదుంటే తానొక్కరే కుర్చీలో కూర్చోవాల్సి రావడం ఆయనకు చిన్నతనం. "తెనాలి, రేపల్లె పందేల్లో పతకాలన్నీ ఇట్టాగే కొట్టానమ్మా," అన్నారు మీసం దువ్వుతూ. "అప్పుడు నీ కాళ్ళు రెండూ సమానం తాతయ్యా," అంటూ మనవరాలు బ్లెస్సీ ఆయన ఎడమ మడమ కింద చెక్క పెట్టి, ఆ పాదాన్ని పక్కకు తిప్పింది. "మా వస్తాదు చూస్తే చంపేస్తాడే!" "ఆయన్ని నేను చూసుకుంటాలే, దిగు." కిటికీ ఊచ పట్టుకుని పూర్తిగా దిగారు. ఎంతకీ లేవకపోతే బ్లెస్సీ కంగారుపడింది. "నొప్పా తాతయ్యా?" "కాదమ్మా. ఎన్నేళ్ళకో వచ్చాను ఇక్కడిదాకా. కాసేపు ఉండనీ."