పదకొండు మంది కెప్టెన్లు, మా బావ

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసి చెప్తాను. మా ఇంటికి ఎవరైనా భోజనానికొస్తే, వాళ్ళింకా గుమ్మంలో బూట్లు విప్పుతుండగానే మా ఆవిడ వెళ్ళి, "ఆయన ఏం చెప్పినా సగం తీసేసి వినండి" అని చెవిన వేసి వస్తుంది. అందుకని నేను ముందుజాగ్రత్తగా రెట్టింపు చేసి చెప్తాను. చివరికి విన్నవాళ్ళ దగ్గర మిగిలేది నిజమే కదా! ఈ కథలోనూ గాలి ఉంది. అది ఎక్కడ కొట్టానో ఆఖర్న నేనే చెప్తాను, మీరు వెతుక్కోనక్కర్లేదు.

మొన్న శనివారం డెట్రాయిట్ పక్కన మా నోవైలో మంచు కురిసింది. మామూలుగా కాదు, వీధిలో మెయిల్ బాక్సులన్నీ మునిగిపోయి, ఉత్తరాలు పంచే ఆవిడ ఏది ఎవరి ఇల్లో తెలియక మొత్తం కట్ట మా గుమ్మంలోనే పడేసి వెళ్ళిపోయేంత. బయటికి పోయే దారిలేక టీవీలో ఐస్ హాకీ పెట్టుకు కూర్చున్నాను. ఆట మధ్య విరామంలో ముగ్గురు మాజీ ఆటగాళ్ళు టైలు కట్టుకుని, గొప్ప కెప్టెన్ అంటే ఎవరు అని వాదించుకుంటున్నారు. అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టేవాడని ఒకాయన, డ్రెస్సింగ్ రూములో గోడలు అదిరేలా మాట్లాడేవాడని ఇంకొకాయన, అవసరమైతే చేతి తొడుగులు విసిరేసి ఎదుటివాడి పన్ను రాలగొట్టేవాడని ముందు పళ్ళు లేని మూడో ఆయన. ఇంతలో మా ఆవిడకి వాళ్ళ చెల్లెలి ఫోన్ వచ్చింది. టీవీ గొంతు నొక్కేసింది. ఆట మళ్ళీ మొదలైంది, చప్పుడు లేకుండా. కాసేపటికి మా డెట్రాయిట్ వాళ్ళ గోల్‌లోకి పక్ దూరింది. పక్ అంటే ఆ నల్లటి రబ్బరు బిళ్ళ. అందరూ తలలు దించుకుని బెంచి వైపు జారుకుంటుంటే, కెప్టెన్ ఒక్కడు వెనక్కి తిరిగి, గోల్ కాసే గోలీ దగ్గరికి వెళ్ళాడు. అతని కాళ్ళకు కట్టుకున్న పరుపుల్లాంటి ప్యాడ్ల మీద కర్రతో రెండుసార్లు తట్టాడు. తిరిగొచ్చేశాడు. అంతే. అది చూడగానే నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. తెనాలి మనిషి. ఇక్కడ కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసేవాడు. హైవే మీద దూసుకుపోతున్న ట్రక్కుని కుంకుడుకాయంత జాగాలో ఆపగల బ్రేకు తయారుచేసిన మనిషి, మంచు మీద తనని తాను ఆపుకోలేకపోయేవాడు. ఆ సంగతి తర్వాత. బావకి టీవీలో హాకీ చూడటం ఎంత ఇష్టమో, అక్కకి అదే వేళకి అమ్మతో ఫోన్‌లో మాట్లాడటం అంత ఇష్టం. అక్క ఫోన్ పట్టుకుంటే ఆ ఇంట్లో ఫ్రిజ్ కూడా ఊపిరి బిగబట్టేది. అందుకని బావ ఏళ్ళ తరబడి హాకీని మూగగానే చూశాడు. కామెంటేటర్లు చెప్పే జ్ఞానమేదీ ఆయన చెవిన పడలేదు. ఆటగాళ్ళ పేర్లు ఎలా పలకాలో తెలియదు. ఎవరు ఎటు వెళ్తున్నారన్నది ఒక్కటే తెలుసు.

ఒకసారి నేను వాళ్ళింట్లో పకోడీలు తింటూ, మొన్న టీవీలో వాళ్ళలాగే, గొప్ప కెప్టెన్ లక్షణాలు ఏకరువు పెడుతున్నాను. అప్పట్లో నేను హాకీ మీద చాలా చదివేశాను, స్కేట్లు కట్టుకోవడం తప్ప అన్నీ వచ్చు. బావ టీవీ మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"అవన్నీ నాకు తెలీదు గానీ, మన గోల్‌లో పడ్డాక వాడు ఎటు పోతాడో చూడు బామ్మర్దీ. వెనక్కి పోయాడా, వాడు కెప్టెన్."

"వెళ్ళి గోలీతో ఏమంటాడు బావా?"

"ఏమో, సౌండ్ లేదుగా."

ఆ ఏడాదే మనవాళ్ళు హాకీ జట్టు కట్టారు. ఎండాకాలమంతా క్రికెట్ ఆడి, చలికాలం రాగానే సోఫాల్లో ఊరిపోతున్న సాఫ్ట్‌వేర్ వీరులు పదకొండు మంది, వాళ్ళతో మా బావ, ఊళ్ళో ఐస్ రింకులో ఆట రానివాళ్ళ కోసం పెట్టిన లీగ్‌లో చేరారు. నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ముందు పదవులు పంచుకుని తర్వాత పని మొదలుపెడతారు గదా. ఒకరి బేస్‌మెంట్‌లో మీటింగ్ పెట్టారు. అక్కడ ఒక నియమం బయటపడింది. హాకీలో కెప్టెన్ చొక్కా మీద సి అనే అక్షరం కుట్టి ఉంటుందట, రిఫరీతో మాట్లాడే హక్కు అతనికే ఉంటుందట. ఆడటం సంగతి ఎలా ఉన్నా, మాట్లాడే హక్కు ఇంకొకడికి వదిలేయడం అనేది మన వంశంలోనే లేదు. ముందొచ్చినవాళ్ళం మేమని గ్రీన్‌కార్డు వాళ్ళు, ఆఫీసులో టీమ్ లీడ్లం మేమని ఇంకొందరు, సంఘం పదవి ఆంధ్రకి రెండుసార్లు ఇచ్చాం కదా, ఈసారి తెలంగాణకి అని మరొకరు. వాట్సాప్ గ్రూపు చీలి రెండయింది, రెండు నాలుగయ్యాయి, ఒక గ్రూపులో ఒకాయన తనతో తనే వాదించుకుంటూ మిగిలిపోయాడు. చివరికి చొక్కాలు ఆర్డర్ ఇచ్చే పెద్దమనిషి ఎవరి మనసూ నొప్పించలేక అన్నిటి మీదా సి కుట్టించేశాడు. బావ చొక్కా ఒక్కటే ఖాళీగా వచ్చింది. మీటింగ్ జరుగుతున్నంతసేపూ ఆయన పైన, ఆ ఇంటివాళ్ళ డ్రైవ్‌వేలో మంచు ఎత్తుతున్నాడు. ఆ ఉపన్యాసాల కంటే పార నయమనిపించిందట.

ఇక మా గోలీ. అతని గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి. అతను కూడా కంప్యూటర్ మనిషే, సరదాగా మాట్లాడేవాడు. ఆ చలికాలం మొదట్లో ఉద్యోగం పోయింది. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే, కింద నేల పోవడం కూడా. భార్యాపిల్లలు ఇంకా హైదరాబాద్‌లోనే ఉన్నారు, వాళ్ళకి చెప్పలేదు. మనవాళ్ళు మంచివాళ్ళే, కనబడిన ప్రతివాడూ "ఏమన్నా తగిలిందా అన్నా? రెజ్యూమె నాకోసారి ఫార్వర్డ్ చేయి" అనేవాడు. ఆ మంచితనానికి తట్టుకోలేక అతను ఇండియన్ స్టోర్‌లో తెలిసినవాళ్ళు కనిపిస్తే బియ్యం బస్తాల వెనక్కి వెళ్ళి నిలబడేవాడు. ఒకసారి అక్కడే ఎంతసేపు నిలబడ్డాడంటే, ఎవరో ధర అడిగారు.

బావ వెళ్ళి అతన్ని గోలీగా రమ్మన్నాడు. గోలీకి పెద్దగా స్కేటింగ్ రానక్కర్లేదని, ఉన్నచోట నిలబడితే చాలని బావ నమ్మకం. అది ఎంత తప్పో తర్వాత తెలిసింది. అతను ఒప్పుకున్నది అందుకు కాదు. గోలీకి మాస్కు ఉంటుంది, ముఖం ఎవరికీ కనబడదు. రెండు నెలల్లో అతనికి ఎవరైనా చూపించిన ఉద్యోగాలన్నిటిలోకీ అదే నచ్చింది.

సోమవారం అతనికి ఒక ఇంటర్వ్యూ ఉంది. ఆట శనివారం మధ్యాహ్నం. ఆట కాగానే ఇంటికెళ్ళి హైదరాబాద్‌కి టికెట్ బుక్ చేసుకుందామని, ఇంటర్వ్యూకి అసలు వెళ్ళకూడదని అతను అప్పటికే నిశ్చయించుకున్నాడు. మాస్కు లోపలి సంగతి నాకెలా తెలుసంటారా, తెలుసు.

ఎదుటి జట్టు ఊళ్ళో పెద్దవాళ్ళు. రిటైరైన టీచర్లు, ఒక డెంటిస్టు, ఇద్దరు నానమ్మలు. వాళ్ళని చూసి మావాళ్ళు జాలిపడ్డారు, కాస్త చూసీచూడనట్టు ఆడదాం పాపం అనుకున్నారు. వాళ్ళు మంచు మీదే పుట్టి, మంచు మీదే అన్నప్రాశన చేసుకున్నవాళ్ళని విజిల్ మోగాక తెలిసింది. ఒక నానమ్మ మనవడి ఫోటోలు గుర్తొచ్చినట్టు నవ్వుకుంటూ వచ్చి, మా ఐదుగురి మధ్య నుంచి దూరి, గోల్ కొట్టి, అదే నవ్వుతో వెళ్ళిపోయింది. నేను బెంచి దగ్గర తలుపు తీసే డ్యూటీలో ఉన్నాను కనుక అంతా బాగా కనిపించింది.

గోల్ పడగానే మా కెప్టెన్లందరూ రిఫరీ దగ్గరికి వెళ్ళారు. బెంచి మీదున్న కెప్టెన్లు కూడా దిగి వెళ్ళారు. పదకొండు మందీ ఒకే గొంతుతో "సర్, యాజ్ కెప్టెన్..." అని మొదలుపెట్టారు. రిఫరీ పాపం చాలా ఓపిక మనిషి. మీలో కెప్టెన్ ఎవరని అడిగాడు. పదకొండు చేతులు పదకొండు గుండెల మీదికి వెళ్ళాయి. ఆయన కాసేపు చూసి, నీళ్ళ సీసా తెచ్చుకోవడానికి వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడు రింకుకి ఆ చివర మా బావ బయలుదేరాడు. అడ్డం రాకుండా ఉంటాడని ఆయన్ని ఎదుటివాళ్ళ గోల్ దగ్గర నిలబెట్టారు. అక్కణ్ణుంచి మా గోల్‌కి ఎంత దూరమంటే, మధ్యలో టైమ్ జోన్ మారుతుంది. బావ పెద్ద మనిషి, పొట్ట ముందు, కాళ్ళు తర్వాత. పడ్డాడు, లేచాడు, కర్రని చేతికర్రలా పొడుచుకుంటూ నడిచాడు, మళ్ళీ పడ్డాడు. కొంతదూరం మోకాళ్ళ మీద వచ్చాడు. గోల్ దగ్గరికి చేరాక ఆగడం రాదు కదా, నేరుగా వెళ్ళి గోల్‌పోస్టుని వాటేసుకున్నాడు. పోస్టు, వల, బావ, గోలీ అందరూ కలిసి గోడ దాకా వెళ్ళారు. టీవీలో చూసినట్టే కర్రతో ప్యాడ్ల మీద రెండుసార్లు తట్టాడు. ఆ తర్వాత ఏమనాలో తెలియలేదు, టీవీలో సౌండ్ ఉండేది కాదు గదా.

"ఏం లేదు, ఊరికే వచ్చా" అన్నాడు.

మళ్ళీ అంత దూరమూ వెళ్ళాడు. ఆయన అక్కడికి చేరేలోపు ఇంకో గోల్ పడింది. వెనక్కి తిరిగాడు. ఆ రోజు మా గోల్‌లో ముప్పై పడ్డాయంటాను, మీ ఇష్టమొచ్చినంత తీసేసుకోండి. పడిన ప్రతిదానికీ బావ వచ్చాడు. కాసేపటికి మా కెప్టెన్లు అరవడం మానేసి ఆయన రాకపోకలే చూస్తూ నిలబడ్డారు. ఆ నానమ్మలు కూడా, ఆయన చేరేదాకా ఆట మొదలుపెట్టొద్దని రిఫరీకి సైగ చేశారు.

ఒకసారి వచ్చి, ఆయాసపడుతూ అన్నాడు. "మా ఆవిడ పులిహోర చేసి తెచ్చింది. అయ్యాక తిందాం. మధ్యలో పోమాకు."

ఆఖరిసారి వచ్చేటప్పటికి ఆయన మోకాళ్ళు సగం అరిగిపోయాయి. గోల్‌పోస్టు పట్టుకుని వంగి నిలబడ్డాడు.

"సోమవారం నేను డ్రైవ్ చేస్తా. రోడ్లు బాగోవంట."

"నేను వెళ్ళట్లేదు" అన్నాడు గోలీ మాస్కులోంచి. ఆ మాట అతను బయటికి అనడం అదే మొదటిసారి.

"సరే, వెళ్ళమాకు. నేనొచ్చి కారు వేడి చేసి పెడతా. ఆ తర్వాత నీ ఇష్టం."

మా గోలీ ఆ సాయంత్రం టికెట్ బుక్ చేయలేదు. రింకు పార్కింగ్ లాట్‌లో, మినీవ్యాన్ వెనక తలుపెత్తి, చేతి తొడుగులు తీసే ఓపిక కూడా లేక స్పూన్ అరచేతుల మధ్య పట్టుకుని పులిహోర తిన్నాడు. సోమవారం పొద్దున తలుపు తీస్తే ఎదురుగా కారు పొగలు కక్కుతూ ఉంది. అంత వేడి చేసిన కారుని ఊరికే వదిలేయడం బాగుండదని ఎక్కాడు. ఆ ఉద్యోగం రాలేదు. దాని తర్వాతది వచ్చింది.

తర్వాతి ఆటకి మా కెప్టెన్లు, ఎవరూ చెప్పకుండానే, ఒక్కొక్కరే వాళ్ళ చొక్కాలు మా అక్కకి తెచ్చిచ్చారు. అక్క బ్లేడు పెట్టి అక్షరాలన్నీ ఊడదీసింది. ఒకటి బావ చొక్కా మీద కుడతానంటే ఆయన వద్దన్నాడు, తీసుకెళ్ళి మంచు ఎత్తే పారకి అంటించుకున్నాడు.

బావ ఇప్పుడు టెక్సస్‌లో, ప్లేనోలో ఉంటున్నాడు. మోకాళ్ళు రెండూ మార్పించుకున్నాడు, అక్కడ మంచు గొడవ కూడా తక్కువే. మొన్న శనివారం ఆట అయ్యాక ఫోన్ చేసి, ఆ రోజు మనమీద ముప్పై గోల్స్ పడ్డాయని రాస్తున్నాను బావా, ఎక్కువైందా అని అడిగాను.

"తక్కువ రాశావు. నా మోకాళ్ళనడుగు" అన్నాడు.

ఇక నేను కల్పించిన సంగతి. మా ఆవిడ చెప్పినట్టు సగం తీసేస్తే ఇక్కడ లెక్క కుదరదు, ఎందుకంటే నేను మార్చింది ఒక్కటే. పులిహోర గురించి చెప్పినప్పుడు బావ "మా ఆవిడ" అనలేదు, "మీ అక్క" అన్నాడు. బెంచి దగ్గర తలుపు తీసింది నేను కాదు. ఆ మాస్కులో ఉన్నది నేను. ఇన్నాళ్ళకి అది తీసి చూస్తే, భార్యాపిల్లలు ఎప్పుడో వచ్చేశారు, పిల్లలు చదువులకి వెళ్ళిపోయారు, జుట్టు నెరిసింది. మా బావ ఆ రింకు ఒక్కసారి దాటడానికి పట్టినంతసేపు కూడా పట్టలేదు, ఇన్నేళ్ళూ దాటిపోవడానికి.