కాఫీ ముట్టని బాలింత

కిందటేడు మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. నూజివీడులో నేను నర్సుగా చేస్తున్న ప్రసూతి ఆసుపత్రి ముందు నుంచి తెల్లారింది మొదలు కాయల ట్రాక్టర్లు పోతూనే ఉండేవి. ఆ రద్దీలోనే రెడ్డిగూడెం నుంచి కెజియా అనే అమ్మాయిని కాన్పుకు తీసుకొచ్చారు. సిజేరియన్ చేశాం, ఆడపిల్ల పుట్టింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయికి తలనొప్పి మొదలైంది.

దీన్ని మేము స్పైనల్ హెడేక్ అంటాం. ఆపరేషన్‌కు వెన్నులో మత్తు సూది వేసినప్పుడు, ఆ చిల్లు గుండా లోపలి నీరు కొద్దిగా కారుతుంది. పడుకుంటే హాయిగా ఉంటుంది, లేచి కూర్చుంటే తల పగిలిపోతుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఈలోగా కెఫీన్ కాస్త ఉపశమనం ఇస్తుందని మా డాక్టరమ్మ స్ట్రాంగ్ కాఫీ తాగమంటారు. మా వార్డులో అదెంత మామూలంటే, తాగుతావా అని కూడా అడగం.

కాఫీ అనగానే కెజియా అత్తగారు సామ్రాజ్యం గారి ముఖం వెలిగిపోయింది. చుట్టాలింటికి పోయి ఫ్లాస్కు నిండా తెచ్చింది. మూత తీస్తే వార్డంతా ఘుమఘుమ.

కెజియా మొహం పక్కకు తిప్పుకుంది. "వద్దు సిస్టర్. మేము మోర్మన్లం. కాఫీ, టీ తాగం."

మోర్మన్లన్నా క్రైస్తవుల్లో ఒక శాఖేనట. నేనూ చర్చికి పోయేదాన్నే. మా పాస్టరు గారైతే కాఫీ పడకుండా ప్రార్థనే మొదలుపెట్టరు. ఇదెక్కడి పట్టింపురా బాబూ అనుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "తల నీదా, నాదా?" అనేశాను. ఆ అమ్మాయి కళ్లు మూసుకుంది.

"చూశావా అమ్మా!" అంది సామ్రాజ్యం గారు. "మావాడు రాజమండ్రిలో ఉద్యోగం చేస్తూ ఇష్టపడి చేసుకున్నాడు. సరేలే అనుకున్నాం. ఇంట్లో అడుగుపెట్టిన రోజున నా చేత్తో కాఫీ కలిపిస్తే, పదిమందిలో వద్దండీ అంది. నా తల కొట్టేసినట్టయింది."

డాక్టరమ్మ కెఫీన్ కలిసిన మాత్ర రాశారు. మందుకైతే అభ్యంతరం లేదని కెజియా వేసుకుంది కానీ, తలనొప్పితో పాటు వికారం కూడా ఉండటంతో వెంటనే కక్కేసింది. రేపటికి కూర్చోలేకపోతే విజయవాడ పంపాల్సిందేనన్నారు డాక్టరమ్మ. అక్కడ బ్లడ్ ప్యాచ్ చేస్తారు, అంటే తన రక్తాన్నే కొంచెం వెన్నులోకి ఎక్కించి ఆ చిల్లు పూడుస్తారు. వెన్నులో మళ్లీ సూది అనేసరికి కెజియా బావురుమంది. అప్పటికే పిల్లను ఒళ్లోకి తీసుకోబోయి, కళ్లు తిరిగి తిరిగిచ్చేసింది. పక్కన పడుకోబెట్టి పట్టిస్తే పిల్ల సరిగ్గా పట్టుకోవడం లేదు. డబ్బా పాలు మొదలుపెట్టాం.

సామ్రాజ్యం గారు నన్ను వరండాలోకి లాక్కెళ్లింది. "అమ్మా, మాల్టులో కాసిని డికాషన్ కలిపి ఇచ్చెయ్. నోరు చేదుగా ఉంది, దానికేం తెలుస్తుంది?"

"బాగుంది పిన్నిగారూ! ఆ పిల్ల నా చేతిలోది ఏదైనా నమ్మి తాగుతోంది. రేపు తెలిస్తే ఇంక మాత్ర కూడా మింగదు."

"మరి నన్నేం చెయ్యమంటావ్? పిల్ల డబ్బా పాలు తాగుతుంటే కోడలి ఏడుపు చూడలేకపోతున్నానమ్మా," అంటూ పైట చెంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఈవిడకు కోడలి మీద ఉన్నది కోపం ఒక్కటే కాదని అప్పుడర్థమై, నా మనసు కరిగిపోయింది.

లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాను. "సరేనమ్మా, ఏది కూడదో చెప్పావు. ఏది ఫర్వాలేదో చెప్పు."

"కాఫీ, టీ, మద్యం, పొగాకు ముట్టనని బాప్తిస్మం అప్పుడు మాటిచ్చానండి. ప్రాణం మీదకొస్తే దేవుడు తప్పు పట్టడనే అనుకుంటాను. కానీ వేరే దారి ఉంటే అదే చూడండి. కెఫీన్ అని పట్టింపేం లేదు. కూల్‌డ్రింకు తాగుతాం. మాలోనే కొందరు అదీ మానేస్తారు, అది వాళ్లిష్టం."

కోలాలోనూ కెఫీన్ ఉంటుంది, కాఫీ అంత కాకపోయినా. డాక్టరమ్మను అడిగితే, కొద్దికొద్దిగా చప్పరించమనండి, వికారానికీ మంచిదేనన్నారు. హమ్మయ్య అనుకున్నాను.

ఎక్కడ! సామ్రాజ్యం గారు మంచానికి అడ్డంగా నిలబడింది. "పచ్చి బాలింతకి కూల్‌డ్రింకా? మతి ఉందా మీకు? వాతం చెయ్యదూ? పిల్లకి రొంప పట్టదూ? కాఫీ అయితే వేడి. ఇదేంటి, అయిసు నీళ్లు!"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కోడలికి వేడి కాఫీ కూడదు, అత్తకు చల్లది కూడదు. నేను నోరు తెరిచేలోపే కెజియా పడుకునే అంది, "మీరు వద్దంటే తాగనులెండి అత్తయ్యా. పిల్లకేమన్నా అవుతుందని మీకు భయంగా ఉంటే వద్దు. విజయవాడే పోదాం."

 సామ్రాజ్యం గారు చెప్పులేసుకుని బయటికి పోయింది. అలిగి వెళ్లిపోయిందనుకున్నాను. కొట్లో ఫ్రిజ్‌లో పెట్టని సీసా వెతికించి కొనుక్కొచ్చింది. రెండు స్టీలు గ్లాసులు కడిగి, వేడి కాఫీ చల్లార్చినట్టు ఇందులోంచి అందులోకి తిరగబోసింది, బుసబుసా పొంగే గ్యాసంతా పోయేదాకా. తాను ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "ఛీ, కషాయంలా ఉంది. ఇంక ఫర్వాలేదు, తాగు," అంటూ కోడలి తల కింద చెయ్యి పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి కెజియా దిండుకు ఆనుకుని కూర్చుని పిల్లను ఒళ్లో పెట్టుకుంది. కోలాయే తగ్గించిందని నేను చెప్పను. పడుకోవడం, సెలైను, వికారం తగ్గాక నిలిచిన మాత్ర, అన్నీ కలిశాయి. విజయవాడ ప్రయాణం మాత్రం తప్పింది.

ఆ రోజు నుంచి పేషెంటు ఏదైనా వద్దంటే, మీద పడి కసరడం తగ్గించాను. మరి ఏది ఫర్వాలేదని అడుగుతున్నాను. సగం చిక్కులు అక్కడే విడిపోతున్నాయి.

ఈ సీజన్లో పిల్లకు టీకా వేయించడానికి అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు, నాకు బుట్టెడు రసాలు పట్టుకుని. మా ఆయా అందరికీ కాఫీ తెచ్చి, కెజియా చేతిలో పెట్టబోయింది. కెజియా నోరు విప్పేలోపే సామ్రాజ్యం గారు ఆ గ్లాసు అందుకుంది.

"దానికి ఇవ్వకమ్మా. మా ఇంట్లో కాఫీ పట్టింపు," అంటూ రెండు గ్లాసులూ తనే తాగేసింది.